మఖ్మలు కోటు లోపలి వైపు

మన నాటకరంగ చరిత్రలు నాలుగైదు ముందు పెట్టుకొని చూస్తే ఒక సంగతి కొట్టొచ్చినట్టు కనపడుతుంది. నాటకకర్తకు అధ్యాయం ఉంటుంది. నటుడికి అధ్యాయం ఉంటుంది. పద్యం పాడే తీరుకూ, హార్మోనియం శ్రుతికీ, చివరికి తెరలమీద కోటగుమ్మాలు చిత్రించిన వాడికి కూడా ఒక పేరా దొరుకుతుంది. దుర్యోధనుడి కోటు కుట్టిన మనిషి మాత్రం, నేను చూసినంతలో, ఎక్కడా లేడు. కోటు గురించి అయినా వివరం లేదు. "తగిన వేషధారణతో" అని ఒక ముక్క రాసి చరిత్రకారుడు ముందుకు పోతాడు. ఆ "తగిన" అన్న మాటే నన్ను చాలాకాలంగా వేధిస్తోంది. దేనికి తగిన? ఎవరి లెక్కలో తగిన?

1974లో నేను బి.ఏ. చదువుతున్నప్పుడు కాలేజీ వార్షికోత్సవానికి రాయబారం సీను పెట్టారు. డ్రస్సులు తెచ్చే పని నాకు అప్పగించారు. కాలవ ఒడ్డు బజారులో నాటకాలకు డ్రస్సులు అద్దెకిచ్చే కొట్టు ఒకటి ఉండేది. ముందు గదిలో గదలు, కిరీటాలు, విల్లంబులు. వెనక గదిలో కుట్టుమిషను ముందు ఒక ముసలి సాయిబుగారు. ఆయన దండెం మీద నుంచి తీసిన కోటు ముదురు నీలపు మఖ్మలు. దానిమీద జరీ తీగలు, పువ్వులు, మెడ చుట్టూ చమ్కీ. దూరం నుంచి చూస్తే కౌరవ సామ్రాజ్యమంతా అందులోనే ఉంది. నేను దాన్ని తిరగదీశాను. లోపల అస్తరు నాలుగు రకాల గుడ్డముక్కలు. దారం ఒకచోట నలుపు, ఒకచోట తెలుపు. పక్క కుట్లలో రెండు వేళ్ళ వెడల్పున మిగులు బట్ట వదిలి ఉంది. ఆ మిగులు బట్ట నిండా సూది కన్నాలు, కాపీపుస్తకంలో గీతల్లాగా వరసలు వరసలుగా.

"ఇన్ని కన్నాలేమిటి సాయిబుగారూ?" అన్నాను.

"అవి దుర్యోధనులు బాబూ! వరసకు ఒకడు. లావుపాటి ఆయన వస్తే విప్పుతాను, బక్కాయన వస్తే పట్టేస్తాను. మీవాడు ఎట్లా ఉంటాడు?" అన్నాడాయన.

ఆ కోటు లోపలి వైపును చదవటమే ఈ వ్యాసంలో నా ఉద్దేశం. పై వైపును మనం కావలసినంతగా చూశాం.

ముందుగా ఒక భ్రమ తొలగించుకోవాలి. రంగస్థలం మీదా, ఆ తరవాత వెండితెర మీదా మనం చూసిన పౌరాణిక రాజు వేషం పురాణకాలం నాటిదని మన ప్రేక్షకుల్లో చాలామంది నమ్మకం. అమరావతి శిల్పాలు చూసినవాడికి ఈ నమ్మకం నిలవదు. క్రీస్తుకు అటూ ఇటూ ఉన్న ఆ శతాబ్దాలలో మన నేలమీద చెక్కిన రాజులకు ఒంటిమీద కోటు లేదు. నడుముకు కుచ్చెళ్ళు పోసిన బట్ట, ఛాతీ మీద హారాలు, చేతులకు కడియాలు, తలకు బరువైన పాగా. ఎగ్మూరు మ్యూజియంలో ఉన్న రాళ్ళలోనూ ఇదే, లండనుకు తరలిపోయిన రాళ్ళలోనూ ఇదే. భుజాల దాకా బిగిసిన చేతుల కోటు, దానిమీద భుజకీర్తులు, నడుముకు జరీ పట్టీ, కింద పైజామా - ఈ సరంజామా అక్కడ కనపడదు.

దీన్ని విని ఇంకో తొందరపాటు వాదానికి దిగేవాళ్ళు ఉన్నారు. ప్రాచీన భారతీయులకు కుట్టుపనే తెలియదనీ, కత్తెరా సూదీ పరాయివాళ్ళు తెచ్చారనీ, అంతకు ముందు అంతా పవిత్రమైన కుట్టని బట్టేననీ అంటారు. ఇదీ అబద్ధమే. సూది మాట ఋగ్వేదంలోనే ఉంది. మథుర మ్యూజియంలో తల విరిగిపోయిన కనిష్కుడి విగ్రహం పొడుగాటి కోటుతో, బూట్లతో నిలబడి ఉంది. గుప్త చక్రవర్తుల బంగారు నాణేల మీద కోటు తొడుక్కున్న రాజులున్నారు. అజంతా గోడలమీద పంచెకట్టు రాజుల పక్కనే కుట్టిన అంగీలు వేసుకొన్న పరిచారకులు కనపడతారు. అంటే కుట్టినదీ, కుట్టనిదీ మన దేశంలో పక్కపక్కనే బతికాయి. ఎవరు ఏది కట్టారన్నది వాతావరణాన్ని బట్టీ, పనిని బట్టీ, అంతస్తును బట్టీ మారుతూ వచ్చింది. స్వచ్ఛమైన ప్రాచీన వేషం అనేది ఒకటి ఎక్కడో భద్రంగా ఉండి, మన నాటకాలవాళ్ళు దాన్ని తీసుకొచ్చి తొడుక్కున్నారనటం చరిత్ర కాదు.

మరి మఖ్మలు కోటు ఎక్కడినుంచి వచ్చింది?

మన పల్లెల ఆటల్లో వేషానికి ప్రాణం గుడ్డ కాదు, కొయ్య. కూచిపూడి భాగవతుల నగలు, తెలంగాణాలో చిందువారి కిరీటాలు, భుజకీర్తులు తేలిక చెక్కతో చేసినవి. బూరుగు, పొణికి వంటి చెక్కను చెక్కి, పైన బంగారు రంగు వేసి, అద్దం బిళ్ళలు అతికించేవారు. చెక్కే ఎందుకు? తెల్లవార్లూ ఎగిరే మనిషి మోయగలిగినది కావాలి. అద్దం ఎందుకు? వెలుతురు దివిటీలది. పాత్ర ప్రవేశించేటప్పుడు దివిటీ మీద గుగ్గిలం పొడి చల్లితే భగ్గున లేచే మంట ఆ అద్దాలలో పడి రాజు ఒక్క క్షణం వెలిగిపోతాడు. వేషం తయారీలో వెలుతురుదే సగం పెత్తనం. ఈ సంగతి మరిచిపోయి చమ్కీని చూసి నవ్వే విద్యావంతులు చాలామంది ఉన్నారు. ఉన్న కొద్దిపాటి దీపాన్ని చివరి వరసలో చాపమీద కూచున్న కూలివాడి దాకా చేర్చే సాధనం అది.

1880 తరవాతి దశాబ్దంలో ధార్వాడ నాటక సమాజం వంటివి మన జిల్లాలలో ఆడటం, వాటి స్ఫూర్తితో మనవాళ్ళు సమాజాలు పెట్టటం అందరికీ తెలిసిన కథే. అంతకు ముందే బొంబాయిలో పార్సీ కంపెనీలు పెద్ద తెరలతో, యంత్రాల తమాషాలతో, తళతళలాడే దుస్తులతో వ్యాపారం సాగించాయి. తెరలూ వరసలూ మాత్రమే ఆ దారిన రాలేదు. కోటు కూడా ఆ దారినే వచ్చింది. అది ఎక్కడి కోటు? మొగలాయి దర్బారు అంగరఖా కొంత, మరాఠా సర్దారు దుస్తు కొంత, ఇంగ్లీషు సైన్యాధికారి భుజాల మీది జరీ కుచ్చు కొంత. ప్రేక్షకుడికి రాజంటే తెలిసినది జమీందారు, నవాబు, దర్బారు ఫోటోలోని సంస్థానాధీశుడు. ధృతరాష్ట్రుడి కొడుకు ఆ కోటు తొడుక్కొని వస్తే "అవును, రాజే" అని ఊరు ఒప్పుకొంది. వేషానికి "తగిన" అన్న మాట అర్థం ఇదీ. ద్వాపరయుగానికి తగిన వేషం కాదది, ఆనాటి భూస్వామ్య దర్బారుకు తగిన వేషం.

దేవతల చీరకట్టు సంగతి ఇంకా విచిత్రం. రవివర్మ 1888 ప్రాంతంలో బరోడా మహారాజు కోసం పురాణ చిత్రాలు వెయ్యటానికి ఒప్పుకొని, దేశమంతటికీ చెల్లే వేషం ఏదో తేల్చుకోవటానికి ఉత్తరాదిన తిరిగాడు. చివరికి ఎక్కువగా చీరనే ఎంచుకొన్నాడు. 1894లో ఆయన అచ్చు యంత్రం పెట్టిన తరవాత ఆ లక్ష్మీ సరస్వతులు చవక బొమ్మలై ఇంటింటి గోడకూ ఎక్కారు. ఒక చిత్రకారుడు ఆలోచించి తేల్చిన నిర్ణయం ఇరవై ముప్పై ఏళ్ళలో సనాతన సత్యమై కూచుంది. ఆ తరవాత నాటకాల దర్జీకి కొలత ఆ పటమే. మా సాయిబుగారి మిషను పైన గోడకు కూడా రవివర్మ లక్ష్మి పటం ఒకటి వేలాడేది. భక్తికోసం కాదు. "అంచు ఎట్లా పడాలో అందులో చూస్తాను బాబూ" అన్నాడు.

ఈ పనివాడి భాషను వినండి. దర్జీ, మఖ్మలు, జరీ, అస్తరు - ఇవన్నీ పారశీక మార్గాన వచ్చిన మాటలు. గుండీ దూర్చే రంధ్రాన్ని కాజా అంటాం. అది పోర్చుగీసువాళ్ళ మాట. ఇన్ని దేశాల మాటలు కలిస్తే తప్ప శ్రీకృష్ణుడికి ఒక పైవస్త్రం తయారు కాలేదు. మన సంస్కృతి శుద్ధమైనదనీ, దానికి బయటి స్పర్శ తగిలిందనీ వాపోయేవాళ్ళు ఏదైనా డ్రస్సుల కొట్టులో ఒక పూట కూచుంటే మంచిది.

ఇక కోటు నిర్మాణం. రంగస్థలపు దుస్తు మామూలు దుస్తు కాదు. దాన్ని కుట్టే లెక్కే వేరు. బజారు దర్జీ ఒక మనిషికి కుడతాడు, నాటకాల దర్జీ రాబోయే మనుషులందరికీ కుడతాడు. అందుకే మిగులు బట్ట వదలటం. గద ఎత్తినా, విల్లు లాగినా చంక దగ్గర చిరగకుండా చేతికీ ఒంటికీ మధ్య విడిగా చదరపు ముక్క ఒకటి వేస్తాడు. ఎదురుగా చూసేవాడికి అది కనపడదు. గుండీలు ముందు పక్క శోభకోసం మాత్రమే ఉంటాయి, నిజంగా బిగించేది లోపలి కొక్కేలూ, నాడాలూ. రెండు పద్యాల మధ్య వేషం మార్చాలి గదా! మఖ్మలు ఉతకటానికి లొంగదు, కనక చెమట పీల్చే అస్తరు విడిగా ఊడదీసి ఉతికేటట్టు టాకాలతో పట్టించి ఉంచుతాడు. మెడపట్టీ నిలబడటానికి మధ్యలో బక్రం. కిరీటానికి అట్ట, పాతగుడ్డ, చింతగింజల జిగురు, పైన బంగారు కాగితం, నుదురు కోసుకుపోకుండా లోపల దూదిపట్టీ. నటుడు మూడు గంటలు తల తిప్పగలిగితే ఆ దూదిపట్టీ సరిగా ఉన్నట్టు. "కిరీటం నొప్పి పెడితే పద్యం తప్పుతాడు. పద్యం తప్పితే జనం వాణ్ణి తిడతారు గాని నన్ను తిట్టరు. నాకు తెలుసు గదా, తప్పు నాదని!" ఇది సాయిబుగారి మాట. వృత్తి ధర్మం గురించి మా కాలేజీలో విన్న ఉపన్యాసాలన్నీ మరిచిపోయాను, ఇది మరవలేదు.

మార్క్సు 'పెట్టుబడి' మొదటి అధ్యాయంలో ఇరవై గజాల నారబట్టకూ ఒక కోటుకూ లెక్క కడతాడు. చదివేటప్పుడు నాకు ఆ నీలపు కోటు గుర్తుకొచ్చేది. ఒకసారి కుట్టిన శ్రమ, రాత్రికింత అని, ఏళ్ళ తరబడి అద్దె రాలుస్తూనే ఉంటుంది. కుట్టినవాడికి ముట్టేది మాత్రం ఆనాటి కూలి. అదే గ్రంథంలో 1863లో లండనులో చనిపోయిన ఇరవై ఏళ్ళ మేరీ ఆన్ వాక్లీ గురించి ఉంది. రాజకుటుంబపు విందు నృత్యానికి దొరసానుల గౌనులు వేళకు అందించాలని ఇరవై ఆరున్నర గంటలు ఆపకుండా కుట్టి, జబ్బుపడి పోయింది. విందు ఆగలేదు. తెర లేచే వేళకు బట్ట తయారుగా ఉండాలన్న నియమం ఎక్కడైనా ఒకటే, రాత్రి మేలుకొనేది ఎక్కడైనా కుట్టేవాళ్ళే. మరో ముచ్చట: కుట్టుమిషనుకు ప్రపంచమంతా పేరు తెచ్చిన ఐజాక్ సింగరు, 1851లో దానికి పేటెంటు పుచ్చుకోక ముందు, ఊరూరా తిరిగిన నాటకాలవాడు. చరిత్రకు ఇట్లాంటి హాస్యం అప్పుడప్పుడూ వస్తుంది.

సురభి వారి దగ్గర పరిస్థితి కొంత వేరు. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో కీచకవధతో మొదలైన ఆ కుటుంబాలలో నటించేవాళ్ళూ, తెరలు లాగేవాళ్ళూ, వేషాలు సర్దేవాళ్ళూ ఒకే ఇంటివాళ్ళు. ఆడవాళ్ళు వేషాలు కట్టారని వారిని మెచ్చుకొంటాం, న్యాయమే. కాని సాయంత్రం సుభద్ర అయ్యే మనిషి పగలు శశిరేఖ ఓణీకి అంచు కుట్టుకోవటం గురించి మెచ్చుకోం. అది ఇంటిపని అనుకొంటాం. ఇంటిపని అనుకొన్న శ్రమకు చరిత్ర ఉండదు.

ఆడపాత్రలను మగవాళ్ళు ధరించిన సమాజాలలో కుట్టుపని ఇంకా సూక్ష్మం. స్థానం నరసింహారావుగారి సత్యభామను, రోషనారాను చూసి మురిసిన తరం ఆయన నడకనూ, గొంతునూ వర్ణించింది. చీరకట్టులో, రైక ఎంపికలో ఆయన స్వయంగా తీసుకొన్న శ్రద్ధ గురించి కూడా చెప్పుకొన్నారు. అయితే మగ భుజాన్ని సన్నగా చూపటం కొంత కత్తెర పని కూడా: భుజం కుట్టును మెడవైపుకు జరపాలి, చేతిని మోచేయి పైదాకా వదులుగా దించాలి, నడుము కుట్టును పైకి ఎత్తాలి. ఆ పని తెలిసిన దర్జీ లేకుండా ఎంత గొప్ప నటుడైనా రంగం మీద అడుగుపెట్టలేడు.

ఇప్పుడు మన ఇంటి సంగతి. 1943లో ప్రజానాట్యమండలి వచ్చింది. 1947లో సుంకర, వాసిరెడ్డి గార్ల 'మా భూమి' వచ్చింది. రంగం మీదికి మఖ్మలు కోటు బదులు గొంగడి వచ్చింది, మోకాళ్ళ పైకి ఎగగట్టిన పంచె వచ్చింది, చెమట పట్టిన తలగుడ్డ వచ్చింది. ఇది చిన్న మార్పు కాదు. మన రంగస్థలంలో రాజు వేషానికి కొట్టు ఉంది, రైతు వేషానికి లేదు. రైతు వేషమే కాదన్నట్టు ఉండేది. అంతకు ముందే 1939లో గూడవల్లి రామబ్రహ్మంగారి 'రైతుబిడ్డ' చిత్రంలో బళ్ళారి రాఘవ వంటి మహానటుడు పల్లెటూరి బట్టల్లో కనపడ్డాడు. బెంగాలులో 1944లో 'నవాన్న' గోనెపట్టా వెనక తెరతో కరువును ప్రదర్శించింది. మాస్కోలో ఇంకా ముందు, 1922లో, మేయర్‌హోల్డు నాటకానికి ల్యుబోవ్ పొపోవా అనే చిత్రకారిణి నటులందరికీ నీలిరంగు పనిబట్టలు కుట్టించింది. నటుడు కూడా పనివాడే అని ఆమె చెప్పదలిచింది.

కాని మనవాళ్ళం ఒక పొరపాటు చేశాం. గొంగడి కప్పుకొంటే వేషం అక్కరలేదు, దర్జీ అక్కరలేదు, ఇదే వాస్తవికత అనుకొన్నాం. కాలేజీలో మరుసటేడు మేము రైతు నాటిక ఒకటి వేసినప్పుడు, కొత్త ముతక పంచెలు కొని కట్టుకొని సాయిబుగారికి గర్వంగా చూపించాం. ఆయన పకపక నవ్వాడు. "పెళ్ళికి పోతున్నారా బాబూ?" అన్నాడు. కొత్త పంచె కొత్తగానే ఉంటుందనీ, దీపాల కింద తెల్లగా మెరుస్తుందనీ మాకు తట్టలేదు. ఆయన దాన్ని టీ డికాషనులో ముంచి ఆరవేయించాడు, మోకాళ్ళ దగ్గరా అంచుల దగ్గరా ఇటుక ముక్కతో రుద్దించాడు, భుజం మీద చినుగు పెట్టి వేరే రంగు దారంతో మళ్ళీ కుట్టాడు. "చినిగితే చాలదు. చినిగినదాన్ని వాడి పెళ్ళాం కుట్టినట్టు ఉండాలి. లేకపోతే వాడికి ఇల్లు లేనట్టే గదా!" అన్నాడు. మేము ఏ పుస్తకంలోనూ చదవని వాస్తవికత అది. ఆ నాటిక కరపత్రంలో రచయిత పేరు, దర్శకుడి పేరు, దీపాలు పట్టిన కుర్రవాడి పేరు కూడా వేశాం. సాయిబుగారి పేరు వెయ్యలేదు. ఆ కరపత్రం రాసింది నేనే.

సినిమా ఈ అన్యాయాన్ని పెద్ద ఎత్తున చేసింది. 1932లో వచ్చిన మొదటి తెలుగు టాకీ 'భక్త ప్రహ్లాద'లో లీలావతి సురభి కమలాబాయి. నటులతోపాటే నాటకపు వేషమూ తెరమీదికి వెళ్ళింది. కాని కెమెరాకు ముందు లెక్కలన్నీ మారాయి. నలుపు తెలుపు ఫిల్ములో తెల్లబట్ట కన్ను మిరుమిట్లు గొలిపి ముఖాన్ని మింగేస్తుంది, కనక తెల్లదాన్ని కాస్త మట్టి రంగుకు దింపాలి. ఎరుపూ ముదురాకుపచ్చా ఒకే బూడిదరంగుగా పడవచ్చు, కనక రంగును రంగుగా కాక నీడగా చదవటం దర్జీ నేర్చుకోవాలి. నీళ్ళలో తడిసే సీనుకూ, కత్తియుద్ధానికీ, నటుడి బదులు దూకేవాడికీ ఒకే దుస్తు రెండు మూడు జతలు, కుట్టు తేడా లేకుండా ఉండాలి. మద్రాసు స్టూడియోల కుట్టు గదుల్లో ఈ విద్య అంతా పెరిగింది. 1957 నాటి 'మాయాబజార్'ను 2010లో రంగుల్లోకి మార్చి విడుదల చేశారు. జనం ఆనందించారు, నేనూ చూశాను. కాని ఆ ఫిల్ము దాచింది వెలుగునీడల్నే. శశిరేఖ ఓణీ అసలు ఏ రంగో ఫిల్ము చెప్పదు. దాన్ని చేత్తో పట్టుకొని కుట్టినవాడికి తెలుసు.

జాతీయ చలనచిత్ర బహుమతులు 1954లో మొదలయ్యాయి. దుస్తుల రూపకల్పనకు వేరే బహుమతి పెట్టటానికి 1984 నాటి చిత్రాల దాకా ఆగవలసి వచ్చింది. ఆ సరికే భాను అథయ్యా 'గాంధీ' చిత్రానికి 1983లో ఆస్కారు తెచ్చేసింది. ఆ బహుమతి పొందిన మొదటి భారతీయురాలు ఆమె. 1966లో 'ఆమ్రపాలి'కి అజంతా చిత్రాలను చూసి పట్టుబట్టలు రూపొందించిన మనిషికి, లోకం పట్టం కట్టింది ముతక ఖద్దరుకు. మన వైపు కాస్ట్యూమ్స్ కృష్ణ అని ఒకాయన ఉండేవారు. పెద్ద తారలకు ఎన్నో ఏళ్ళు బట్టలు కుట్టినంత కాలం ప్రేక్షకులకు ఆయన ఎవరో తెలియదు. 1991లో 'భారత్ బంద్'లో ప్రతినాయకుడై తెరమీద కనపడ్డాక అందరికీ తెలిసింది. 2023లో పోయేదాకా ఆయన వృత్తి పేరే ఆయన ఇంటిపేరుగా నిలిచింది. తనను దాచిపెట్టిన ఆ మాటనే ఆయన ముందు పెట్టుకొని నడిచారు.

మా కాలవ ఒడ్డు కొట్టు మూతపడి చాలాకాలమైంది. మూసేముందు ఒకసారి వెళ్ళాను. సాయిబుగారికి చూపు దాదాపు పోయింది. కిరీటాలను ఎవరో వినాయక చవితి పందిళ్ళకు పట్టుకుపోయారట. కోట్లు మూటగట్టి ఉన్నాయి. పాత జరీ కొనేవాడు ఒకడు వచ్చి, నీలపు కోటు అంచును గోటితో గీకి, అగ్గిపుల్ల వెలిగించి దారం కాల్చి చూసి, వెండి కాదు, ఉత్త రాగిపూత అని మూటను పక్కకు తోశాడు.

సాయిబుగారు ఆ కోటును ఒళ్ళోకి లాక్కొని, లోపలి వైపుకు తిప్పి, వేళ్ళతో కన్నాల వరసలు తడుముతూ అన్నాడు: "నిజం జరీ అయితే మొదటి దుర్యోధనుడే అమ్ముకునేవాడు."